కీబోర్డు నేర్చుకుంటున్నారా? చేతుల గోడు కూడా వినండి

కిందటి సంవత్సరం వేసవిలో ఒకరోజు ఆస్పత్రిలో ఓ.పి. చూస్తున్నాను. యాభై ఆరేళ్ళ ఆవిడ కోడల్ని వెంటబెట్టుకుని వచ్చారు.

"ఏమ్మా, ఏమిటి బాధ?" అని అడిగాను.

"కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి డాక్టరుగారూ. రాత్రి రెండు, మూడు గంటలప్పుడు మెలకువ వచ్చేస్తోంది. లేచి చెయ్యి విదిలిస్తే కాస్త నయం" అన్నారావిడ.

"ఇంట్లో పనెక్కువా? బట్టలు మీరే ఉతుకుతారా?"

ఆవిడ తటపటాయించారు. కోడలు అందుకుంది. "పనేం లేదండీ. అత్తయ్య కీబోర్డు నేర్చుకుంటున్నారు. పాత సినిమా పాటలు వాయించి, ఫోన్లో వీడియో తీసి పంపిస్తారు. ఆదివారం వచ్చిందంటే పొద్దుటినుంచీ అదే పని."

బయట వరండాలో ఇంకా ఎనభై మంది దాకా వున్నారు. నేను నవ్వి, "ఈ వయసులో ఇప్పుడా సంగీతం ఎందుకమ్మా? మానెయ్యండి, అదే తగ్గిపోతుంది" అన్నాను. అయిదు రోజులకి నొప్పి బిళ్ళలు రాసి పంపించేశాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

మూడున్నర నెలల తర్వాత ఆవిడ మళ్ళీ వచ్చారు. కీబోర్డు ముట్టుకోవడం ఆ రోజే మానేశారట. అయినా తిమ్మిరి తగ్గలేదు సరికదా, బొటనవేలికి పట్టు పోయింది. జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోతున్నారు. అరచేతిలో బొటనవేలి మొదట్లో వుండే కండ చదునైపోయి కనిపించింది. "కీబోర్డు వల్లేనన్నారుగా, మానేశాను గదా, నెమ్మదిగా అదే పోతుందని వూరుకున్నాను" అన్నారు.

అప్పుడు చేయించాను రక్తపరీక్ష. పరగడుపున షుగరు 188 వుంది. 126 గాని, అంతకుమించి గాని వుంటే మధుమేహం అంటాం. రెండోసారి చూసినా అంతే. తనకి మధుమేహం వున్నట్టు ఆవిడకి తెలియదు. తెలుసుకోవలసిన నేను అడగలేదు. కీబోర్డు మీద నేరం మోపి కేసు మూసేశాను.

"ఆ పాటలు ఎవరికి పంపేవారమ్మా?" అని కూడా ఆ రోజే అడిగాను.

"మా అక్కయ్యకి బాబూ. పక్షవాతం వచ్చి మూడేళ్ళయింది. మాట పడిపోయింది. మంచినీళ్ళు కావాలని కూడా అడగలేదు. కాని చిన్నప్పుడు మేమిద్దరం పాడుకున్న పాట వాయించి పంపితే మాత్రం, మాటలతో సహా పల్లవి పాడుతుంది. ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూసేది."

నా రెండు నిమిషాల సలహా వల్ల ఆ అక్కగారికి పద్నాలుగు ఆదివారాలు పాట లేకుండా గడిచాయి. ఈ వారం ఈ విషయం మీద రాయడానికి కారణం అదే.

హార్మోనియం నుంచి కీబోర్డు దాకా

పూర్వం మన ఇళ్ళల్లో మెట్లున్న వాయిద్యం అంటే హార్మోనియమే. కింద చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఎడమచేత్తో తిత్తి ఆడిస్తూ కుడిచేత్తో మెట్లు నొక్కేవారు. 1935లో అమెరికాలో లారెన్స్ హామండ్ అనే ఇంజనీరు కరెంటుతో పనిచేసే ఆర్గన్‌ని అమ్మకానికి తెచ్చాడు. ఆ తర్వాత వచ్చిన చిన్నరకం కాంబో ఆర్గన్లు మద్రాసు సినిమా స్టూడియోలకి చేరాయి. ఇళయరాజా సంగీత దర్శకుడు కాకముందు ఇతరుల ఆర్కెస్ట్రాలలో అలాంటి ఆర్గన్ వాయించినవారే. 1980లో కాసియో కంపెనీ తన మొదటి ఎలక్ట్రానిక్ కీబోర్డుని విడుదల చేసింది. కొంతకాలానికి మనవాళ్ళు ఏ కంపెనీ కీబోర్డునైనా "కాసియో" అనే పిలిచేటంతగా అది ఇళ్ళల్లోకి వచ్చేసింది.

ఇప్పుడు ఫోను చూస్తూ నేర్చుకోవచ్చు. ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు నొక్కాలో రంగులతో సహా చూపించే పాఠాలున్నాయి. వాయించినదాన్ని అదే ఫోనుతో వీడియో తీసి బంధువులకి పంపవచ్చు, నలుగురూ చూసేలా పెట్టవచ్చు. రిటైరైన మేష్టర్లు, బాంకు ఉద్యోగులు, పిల్లల్ని పెళ్ళిళ్ళు చేసి పంపిన తల్లులు చాలామంది ఈ సరదాలో పడ్డారు. మంచిదే. అయితే హార్మోనియంలో వాయించేది ఒక చెయ్యి. కీబోర్డులో రెండు చేతులూ వాయించాలి. ఎడమచేత్తో మూడేసి మెట్లు ఒకేసారి నొక్కిపట్టి కార్డ్స్ పలికించాలి. చేతులకి ఇది కొత్త పని. కొత్త పనికి చేతుల్ని సిద్ధం చెయ్యాలి.

వేళ్ళని కదిలించేది ఎక్కడ?

మీ కుడి ముంజేతిని ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతి వేళ్ళు ఆడించి చూడండి. ముంజేతిలో కండలు కదలడం తెలుస్తుంది. వేళ్ళల్లో చెప్పుకోదగ్గ కండరాలు లేవు. వాటిని వంచి, చాపే ముఖ్యమైన కండరాలు మోచేతి దగ్గర మొదలవుతాయి. అక్కడినుంచి టెండన్లు అనే గట్టి తాళ్ళు మణికట్టు మీదుగా వేళ్ళ చివరిదాకా వెళతాయి. తోలుబొమ్మలాటలో దారాలు లాగితే బొమ్మ చేతులు ఆడినట్టన్నమాట.

మణికట్టు దగ్గర అరచేతి వైపు ఒక ఇరుకైన సొరంగం వుంటుంది. అడుగున ఎముకలు, పైన గట్టి పట్టీ. ఆ సొరంగంలోంచి తొమ్మిది టెండన్లు, వాటితోబాటు మీడియన్ నెర్వ్ అనే నరం వెళతాయి. మణికట్టుని కిందికో పైకో వంచి వాయిస్తే ఆ సొరంగంలో ఒత్తిడి పెరుగుతుంది. టెండన్ల చుట్టూ వుండే పొర వాచినా, శరీరంలో నీరు చేరినా ముందుగా నలిగేది ఆ మెత్తని నరమే.

అసలు చిక్కు వీడియో తియ్యడంలో వుంది

రోజుకి ఇరవై నిమిషాలు సాధన చేసేవారికి సాధారణంగా ఏ బాధా వుండదు. ఇబ్బంది వచ్చేది వీడియో తీసే రోజున. పాట నాలుగు నిమిషాలనుకోండి. రెండో చరణంలో ఒక వేలు తప్పుతుంది. మళ్ళీ మొదటినుంచి. ఈసారి వాకిట్లో కూరగాయల బండివాడు అరుస్తాడు. మళ్ళీ మొదటినుంచి. అలా ఇరవై సార్లు తీస్తే ఎనభై నిమిషాలు వాయించినట్టు. అంటే నాలుగు రోజుల సాధన ఒక్క పూటలో, విశ్రాంతి లేకుండా జరిగిపోయింది.

పైగా కెమెరా నడుస్తున్నదనగానే మనిషి బిగుసుకుపోతాడు. భుజాలు చెవుల దాకా లేస్తాయి. పళ్ళు బిగుస్తాయి. మెట్లని అవసరమైన దానికన్నా గట్టిగా కొడతాడు. కీబోర్డు మెట్టు తేలికైనది. చాలా వాటిల్లో ఎంత గట్టిగా కొట్టినా శబ్దం పెరగదు, శబ్దం పెంచేది పక్కనున్న మీట. పెరిగిన బలమంతా మీ కీళ్ళమీద పడుతుంది.

అందుచేత వీడియో తీసేవారు ఈ పద్ధతి పాటించండి:

1. ఒక పూట మూడుసార్లకి మించి పూర్తి పాట తియ్యవద్దు. మూడింటిలో బాగున్నది వుంచుకోండి. ఏదీ బాగాలేకపోతే రేపుంది.

2. పల్లవి ఒకసారి, చరణాలు ఒకసారి విడివిడిగా తీసి అతికించుకోవచ్చు. సినిమాల్లో రికార్డింగు కూడా ముక్కలు ముక్కలుగానే జరుగుతుంది. అందులో చిన్నతనం లేదు.

3. ప్రతి పదిహేను, ఇరవై నిమిషాలకీ లేచి అయిదు నిమిషాలు అటూ ఇటూ తిరగండి. ఆ అయిదు నిమిషాలు ఫోను చేత్తో పట్టుకోవద్దు. బొటనవేలికి అది విశ్రాంతి కాదు.

4. సాధన సమయాన్ని ఒక్కసారిగా పెంచవద్దు. ఈ వారం రోజుకి ఇరవై నిమిషాలైతే, వచ్చే వారం పాతిక నిమిషాలు చెయ్యండి. గంట వద్దు.

కూర్చునే ఎత్తు కొలుచుకోండి

చాలామంది కీబోర్డుని డైనింగు టేబుల్ మీద పెడతారు. టేబుల్ ఎత్తు సుమారు 75 సెం.మీ. దానిమీద కీబోర్డు మందం కలిస్తే మెట్లు దాదాపు 85 సెం.మీ. ఎత్తుకి వెళతాయి. పియానోకి మెట్లు నేలనుంచి సుమారు 72 సెం.మీ. ఎత్తులో వుంటాయి. ఆ తేడా మీ భుజాలు మోస్తున్నాయి. మరికొందరు మంచం మీద కీబోర్డు పెట్టి, ముందుకి వంగి వాయిస్తారు. వాళ్ళకి నడుము, మెడ నొప్పులు ఖాయం.

సరైన పద్ధతి ఇది. భుజాలు వదులుగా వేలాడేసి, మోచేతులు ఒంటికి దగ్గరగా వుంచి, ముంజేతులు నేలకి సమాంతరంగా పెట్టండి. మోచేయి ఎంత ఎత్తులో వుందో మెట్లు అంత ఎత్తులో వుండాలి. చెయ్యి వెనకభాగం, మణికట్టు, ముంజెయ్యి ఒకే గీత మీద వుండాలి. ఎత్తు మార్చుకునే ఇనుప స్టాండు కొనుక్కుంటే మంచిది. టేబుల్ తప్పనిసరి అయితే కుర్చీ మీద గట్టి దిండు వేసుకుని ఎత్తు పెంచుకోండి, పాదాల కింద పీట వేసుకోండి. కాళ్ళు గాలిలో వేలాడకూడదు. చేతుల కుర్చీ పనికిరాదు. మోచేతులు దానికి తగులుకుంటాయి.

కింద కూర్చుని వాయించే అలవాటున్నవారు కీబోర్డుని తక్కువ ఎత్తు బల్ల మీద పెట్టి, తుంటి కింద చిన్న దిండు వేసుకోండి. మోకాళ్ళ నొప్పులున్నవారు ఆ పని చెయ్యవద్దు.

ఫోను ఎక్కడ, కళ్ళజోడు ఏది?

మనిషి తల బరువు సుమారు అయిదు కిలోలు. తల వంచుకుని చూసేకొద్దీ మెడ కండరాల మీద భారం పెరుగుతుంది. పాఠం చూసే ఫోనుని ఒళ్ళో గాని, టేబుల్ మీద పడుకోబెట్టిగాని వుంచకండి. కీబోర్డు వెనక, కళ్ళకి ఎదురుగా నిలబెట్టండి. వీడియో తీసేటప్పుడు ఫోనుని స్టాండుకి బిగించండి, తెర మీవైపు తిప్పుకోవద్దు. తెరలో ఎలా కనిపిస్తున్నామా అని ఓరగా చూస్తూ గంటసేపు వాయిస్తే మెడ పట్టేస్తుంది. మనవడిని పట్టుకోమంటే వాడి భుజం లాగుతుంది, వీడియో కూడా వణుకుతుంది.

నలభై దాటినవారికి ఇంకో చిక్కు. చత్వారపు కళ్ళజోడు సాధారణంగా 35 నుంచి 40 సెం.మీ. దూరంలో పుస్తకం చదవడానికి ఇస్తారు. కీబోర్డు వెనక పెట్టిన స్వరాల కాగితం 60 సెం.మీ. దూరంలో వుంటుంది. అది కనిపించక ముందుకి వంగుతారు. రెండు అద్దాల జోడైతే కింది అద్దంలోంచి చూడడానికి గడ్డం పైకెత్తుతారు. మెడనొప్పికి నెలల తరబడి మందులు వాడిన ఒక పెద్దాయనకి కళ్ళజోడు మారిస్తే తగ్గింది. కాగితం దూరం టేపుతో కొలిచి కళ్ళ డాక్టరుకి చెప్పండి. ఆ దూరానికి సరిపడే అద్దాలు రాసిస్తారు.

ఏ నొప్పి ఏమిటి?

*బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరంవేలిలో సగం తిమ్మిరి:* రాత్రిళ్ళు ఎక్కువై, విదిలిస్తే తగ్గుతుంటే మణికట్టు సొరంగంలో నరం నలుగుతోందని అనుమానించాలి. దీన్ని కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. రెండు చేతుల వెనకభాగాలు ఒకదానికొకటి ఆనించి, వేళ్ళు నేలవైపు వుండేలా ఒక నిమిషం పట్టుకోండి. తిమ్మిరి వస్తే అనుమానం బలపడుతుంది. మధుమేహం, థైరాయిడ్ గ్రంథి మందగించడం, కీళ్ళవాతం వున్నవారికి, గర్భిణీలకి ఇది ఎక్కువగా వస్తుంది. కాబట్టి ఈ తిమ్మిరి కనిపిస్తే షుగరు, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవాలి.

*చిటికెనవేలు, ఉంగరంవేలు తిమ్మిరి:* ఇది వేరే నరం. సాధారణంగా మోచేతి లోపలివైపు నలుగుతుంది. మోచెయ్యి బాగా మడిచి నిద్రపోయేవారికి, టేబుల్ అంచుకి మోచేయి ఆనించేవారికి వస్తుంది.

*బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి:* బొటనవేలిని దూరంగా చాపి వాయించేవారికి అక్కడి టెండన్ల పొర వాస్తుంది. 1895లో దీన్ని వర్ణించిన స్విట్జర్లాండ్ సర్జన్ డి క్వెర్వాన్ పేరుతోనే పిలుస్తారు. పసిపిల్లల్ని తరచు ఎత్తుకునే తల్లులకీ, అమ్మమ్మలకీ కూడా ఇది వస్తుంది.

*వేలు మడిస్తే తిరిగి రాక, "టక్కు"మని తెరుచుకోవడం:* దీన్ని ట్రిగ్గర్ ఫింగర్ అంటారు. ఇది కూడా మధుమేహం వున్నవారిలో ఎక్కువ.

*నొప్పి లేకుండా వేలు మాట వినకపోవడం:* ఇది అరుదు, కాని తెలుసుకోవాలి. అన్ని పనుల్లో బాగానే వున్న వేలు వాయించేటప్పుడు మాత్రం దానంతటదే లోపలికి ముడుచుకుపోతుంది. దీన్ని ఫోకల్ డిస్టోనియా అంటారు. లోపం వేలిలో వుండదు, వేలిని నడిపే మెదడులోని ఏర్పాటులో వుంటుంది. అమెరికన్ పియానో విద్వాంసుడు లియాన్ ఫ్లైషర్‌కి 1960ల మధ్యలో కుడిచేతి వేళ్ళు ఇలాగే ముడుచుకుపోయాయి. ఎన్నో ఏళ్ళు ఎడమచేతి కోసం రాసిన సంగీతం వాయించాడు. 1990లలో బొట్యులినమ్ ఇంజెక్షన్లు, ఇతర చికిత్సలతో మళ్ళీ రెండు చేతులతో వాయించగలిగాడు. ఇలాంటి లక్షణం వున్నప్పుడు ఇంకా ఎక్కువ సాధన చేస్తే పోతుందనుకోవద్దు. నరాల డాక్టరుకి చూపించండి.

ఇంట్లో ఏం చెయ్యవచ్చు?

వాయించేటప్పుడు నొప్పి మొదలైతే అక్కడే ఆపండి. "నొప్పిని లెక్కచెయ్యకుండా వాయిస్తే అలవాటవుతుంది" అన్న మాట తప్పు. రెండు, మూడు రోజులు విశ్రాంతి ఇవ్వండి. గుడ్డలో చుట్టిన ఐసు ముక్కలు పది నిమిషాలు పెట్టవచ్చు. తిమ్మిరైతే రాత్రి పడుకునేటప్పుడు మణికట్టుని తిన్నగా వుంచే పట్టీ కట్టుకోవాలి. బిగించి కట్టకూడదు. వాయించడానికి ముందు చల్లటి చేతుల్ని గోరువెచ్చటి నీళ్ళలో అయిదు నిమిషాలు వుంచి తుడుచుకుంటే వేళ్ళు వదులవుతాయి. షుగరు వుండి చేతులకి స్పర్శ తగ్గినవారు నీళ్ళ వేడిని ఇంకొకరి చేత చూపించుకోండి. ఐసు కూడా వాళ్ళు వాడకపోవడమే మంచిది.

మందుల షాపులో అడిగి నొప్పి బిళ్ళలు మింగవద్దు. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, రక్తపోటు, గుండెజబ్బు వున్నవారికి అవి ప్రమాదం. పైగా నొప్పి తెలియకుండా చేసి మళ్ళీ వాయింపజేస్తాయి.

ఈ లక్షణాలుంటే ఆలస్యం చెయ్యవద్దు: రెండు వారాలైనా తగ్గని తిమ్మిరి, చేతిలోంచి గ్లాసు జారిపోవడం, బొటనవేలి మొదట్లో కండ తగ్గిపోవడం, మెడనుంచి చేతిలోకి పాకే నొప్పి. ఎడమచెయ్యి లాగడంతో బాటు ఛాతీలో బరువు, చెమటలు వుంటే అది కీబోర్డు నొప్పి అనుకోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. ఒక చెయ్యి ఉన్నట్టుండి పడిపోయినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా అంతే.

చెవుల సంగతి

పక్కింటివాళ్ళకి ఇబ్బంది లేకుండా చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాయించడం మంచి మర్యాదే. కాని శబ్దం ఎక్కువ పెట్టుకుంటే చెవి లోపలి సున్నితమైన కణాలు దెబ్బతింటాయి. అవి మళ్ళీ పుట్టవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దలు 80 డెసిబెల్స్ శబ్దం వారానికి 40 గంటలు వినవచ్చు. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ గంటలు సగమవుతాయి. 83 అయితే 20 గంటలు, 86 అయితే 10 గంటలు, 89 అయితే 5 గంటలు, 92 అయితే రెండున్నర గంటలే. పిల్లలకి మొదలే 75 డెసిబెల్స్. కొలిచే సాధనం లేకపోతే ఇలా చూసుకోండి: హెడ్‌ఫోన్లు పెట్టుకున్నప్పుడు పక్కనున్న మనిషి మామూలుగా పిలిస్తే వినిపించాలి. వాయించాక చెవుల్లో గుయ్యిమంటుంటే శబ్దం ఎక్కువైందని గుర్తు.

కెమెరా ముందు గుండెదడ

ఒంటరిగా బ్రహ్మాండంగా వాయించేవారు, ఫోనులో ఎర్రచుక్క వెలగగానే తడబడతారు. ఇది జబ్బు కాదు. ఎదురుగా పాము కనిపించినప్పుడు విడుదలయ్యే అడ్రినలినే ఇప్పుడూ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, చేతులు చల్లబడి చెమట పడతాయి, ఊపిరి బిగబట్టుకుంటాం. మొదలుపెట్టేముందు ముక్కుతో గాలి పీల్చి, పీల్చినదానికి రెట్టింపు సమయం తీసుకుని నెమ్మదిగా వదలండి. అయిదారు సార్లు చాలు. రోజూ సాధన చేసేటప్పుడు కూడా ఫోను తిప్పి వుంచండి. పది రోజులకి కెమెరా వున్న సంగతే మర్చిపోతారు.

పెద్ద వయసులో నేర్చుకోవచ్చా?

నిరభ్యంతరంగా నేర్చుకోవచ్చు. కన్ను, చెవి, రెండు చేతులు, జ్ఞాపకశక్తి కలిసి పనిచేసే వ్యాయామం ఇది. మతిమరుపుకి ఇదే మందు అని నేను చెప్పను. కాని రోజుకి అరగంట ఇష్టమైన పనిలో లీనమయ్యే మనిషికి నిద్రా, ఆకలీ, ఉత్సాహమూ బాగుంటాయని నా సర్వీసులో చూశాను. జర్మనీలో పక్షవాతం వల్ల చెయ్యి బలహీనపడినవారి చేత వ్యాయామంగా ఎలక్ట్రానిక్ పియానో వాయింపజేశారు. వాళ్ళ వేళ్ళ కదలికలు మెరుగైనట్టు 2007లో ప్రకటించారు.

మాట పడిపోయినవాళ్ళు పాట పాడడం కూడా వింత కాదు. చాలామందిలో మాటల కేంద్రం మెదడు ఎడమభాగంలో వుంటుంది. పాటకి కుడిభాగం కూడా తోడ్పడుతుంది. ఎడమభాగం దెబ్బతిన్నప్పుడు మాట పోయినా, బాగా తెలిసిన పాట కొందరిలో మిగిలిపోతుంది. అలాంటి రోగి మీ ఇంట్లో వుంటే స్పీచ్ థెరపిస్టుకి ఆ సంగతి చెప్పండి. చికిత్సలో దాన్ని వాడుకోవచ్చు.

ఆవిడ సంగతి

మొదట చెప్పిన ఆవిడకి షుగరుకి మందులు మొదలుపెట్టాం. నరం పరీక్ష చేయిస్తే నరం బాగా నలిగినట్టు తేలింది. పెద్దాస్పత్రిలో చేతికి మాత్రం మత్తు ఇచ్చి, సొరంగం పైనున్న పట్టీని కోసి నరానికి చోటు కల్పించారు. రాత్రి తిమ్మిరి ఆ వారంలోనే పోయింది. బొటనవేలి బలం రావడానికి నెలలు పట్టింది. పూర్తిగా ఇంకా రాలేదు. మూడున్నర నెలల ముందే నేను పట్టుకుని వుంటే ఆ కండ పోయేది కాదేమో.

ఇప్పుడు ఆవిడ రోజుకి పదిహేను నిమిషాల చొప్పున రెండుసార్లు వాయిస్తారు. ఆదివారం మూడుసార్లే తీస్తారు. బొటనవేలు సహకరించక మధ్య మధ్య ఒక స్వరం తప్పుతుందట. "అక్కయ్య ఆ తప్పు పట్టేస్తోంది బాబూ. అక్కడికి రాగానే తల అడ్డంగా వూపుతుంది" అని నవ్వుతూ చెప్పారు.

మీ డాక్టరు తొందరలో "మానెయ్యండి" అంటే, "ఎందుకొచ్చిందో కూడా చూడండి" అని అడగండి. అడిగినందుకు మాకు కోపం రాకూడదు.

పాఠకుల సందేహాలు

*మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు. కీబోర్డు క్లాసుకి వెళుతున్నాడు. రోజుకి రెండు గంటలు వాయించి వీడియో పెట్టాలని వాళ్ళ నాన్నగారు పట్టుబడుతున్నారు. వేళ్ళు నొప్పులంటున్నాడు.* — ఒక తల్లి, ఏలూరు

ఆ వయసులో ఒక దఫా ఇరవై నిమిషాలు, రోజుకి రెండు దఫాలు చాలు. పాదాల కింద పీట వెయ్యండి. చెయ్యి చిన్నదైతే చిన్న మెట్ల కీబోర్డు మీద మొదలుపెట్టించండి. నొప్పి అంటే సాకు అనుకోవద్దు. వీడియో వాడికి సరదాగా వుంటేనే తియ్యండి.

*నాకు ఉబ్బసం వుంది. వీడియో తీసేటప్పుడు చేతులు వణుకుతున్నాయంటే స్నేహితుడు ప్రొప్రనలాల్ బిళ్ళ ఇచ్చాడు. వేసుకోవచ్చా?* — ఒక పాఠకుడు, ఖమ్మం

వద్దు. ఆ మందు ఉబ్బసం వున్నవారిలో ఊపిరితిత్తుల గొట్టాల్ని బిగించేస్తుంది. ప్రాణాపాయం కూడా కలగవచ్చు. ఒకరి మందు ఇంకొకరు వాడకూడదు. పైన రాసిన ఊపిరి పద్ధతి ప్రయత్నించండి. ఎప్పుడూ వణుకుతుంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి.

*నా వయసు 64. గుండెకి పేస్‌మేకర్ పెట్టారు. కీబోర్డు దగ్గర కూర్చుంటే ప్రమాదమా?* — ఒక రిటైర్డ్ ఉద్యోగి, నెల్లూరు

కీబోర్డు వల్ల ఇబ్బంది లేదు. హెడ్‌ఫోన్లలో, స్పీకర్లలో అయస్కాంతాలుంటాయి. వాటినీ, ఫోనునీ పేస్‌మేకర్ వున్నచోటికి కనీసం 15 సెం.మీ. దూరంలో వుంచండి. హెడ్‌ఫోన్లు చెవులకి పెట్టుకోవచ్చు, తీసి మెడలో వేలాడేసుకోవద్దు. ఫోను చొక్కా జేబులో పెట్టుకోవద్దు. నిశ్చింతగా వాయించుకోండి.